చెవులు కుట్టిన నాటి క్యాసెట్టు

శుక్రవారం వచ్చిందంటే కువైట్‌లోని మహబూలాలో పెంచల్ గదిలో ఒక పక్క కోడికూర ఉడుకుతుంటుంది, ఇంకో పక్క టీవీ కింద ఎవరి పెళ్లో, ఎవరి గృహప్రవేశమో క్యాసెట్టులోంచి డిస్కులోకి ఎక్కుతుంటుంది. పెంచల్ తనకు వీసా ఇచ్చిన కఫీల్ ఇంట్లో కారు నడుపుతాడు. వాళ్లు వద్దనుకున్న కాంబో రికార్డరును తుడిచి తెచ్చుకున్నాడు. ఈ పక్క క్యాసెట్టు, ఆ పక్క ఖాళీ డిస్కు. మూడు గంటల పెళ్లికి మూడు గంటలూ కూర్చోవాల్సిందే, తొందరపడితే కుదరదు. అలా ఎక్కుతున్నంతసేపూ క్యాసెట్టు లోపలివాళ్లకు బయటి మాటలు వినపడతాయి కాబట్టి, టీవీ ముందు ఎవరూ ఎవరినీ ఆడిపోసుకోరు. ఆఖర్న పెంచల్ ఫైనలైజ్ నొక్కుతాడు. డిస్కు మూసుకుంటుంది. ఇక ఎంత అరిచినా లోపల ఒక్కరూ తలెత్తి చూడరు.

ఆ వారం ముందుగా నర్సు హెలెన్ పెళ్లి ఎక్కుతోంది. ఆమెది నరసాపురం వైపు.

"ఏవండోయ్ సైమన్ గారూ! చేతులు కడుక్కునే ముందు ఆ ఉంగరం తీసి జేబులో వేసుకోండి. వదులుగా ఉందండీ బాబూ!" అని టీవీకేసి అరిచింది.

విందు బల్ల దగ్గర పెళ్లికొడుకు ఉలిక్కిపడి, ఉంగరం తీసి జేబులో వేసుకున్నాడు.

"హమ్మయ్య. ఆ ఉంగరం పోయిందని మా అత్తగారు ఇన్నేళ్లూ నన్నే అంటున్నారు."

"ఇంగ అనదులేక్కా. అది పోనే లేదు గదా ఇప్పుడు," అన్నాడు పెంచల్ ఎర్రగడ్డలు తరుగుతూ.

"ఆవిడ సంగతి నీకు తెలీదు. ఇంకో వంక వెతుక్కుంటారు."

తలుపు పక్కన కూర్చున్న తిరుపాలమ్మ నవ్వలేదు. ఆమెది రాజంపేట దగ్గర పల్లె, జాబ్రియాలో ఒకింట్లో పని. ఒడిలోని క్యాసెట్టుకు తెల్లగా బూజు పట్టింది. ఇంకొన్నాళ్లు ఆగితే బొమ్మ మిగలదని పెంచలే తెమ్మన్నాడు. అందులో ఉన్నది ఆమె కూతురు రెడ్డిరాణికి చెవులు కుట్టిన పండగ. సగం దాకా ఎన్నోసార్లు చూసింది. మిగతా సగం ఎప్పుడూ చూడలేదు, ఎందుకంటే ఆ పండగ రోజే ఆమె బొంబాయి రైలెక్కింది.

"బిడ్డ నిద్రపోతాండప్పుడే లేచి పోవాల. లేచిందంటే కొంగు వదలదు." కువైట్ పొయ్యే ఆడవాళ్లందరికీ ఆ వైపు పెద్దవాళ్లు చెప్పే మాట అది. తిరుపాలమ్మా అట్లే వెళ్లింది. రాణిని ఆడబిడ్డ గంగాదేవి పెంచింది. ఇప్పుడు పదో తరగతి. గంగాదేవినే అమ్మా అంటుంది. కువైట్ నుంచి ఫోన్ వస్తే స్నానానికి పోతుంది. సెలవుకు వెళ్లినప్పుడు తిరుపాలమ్మ పక్కన పడుకుంటే, ఆ పిల్ల రాత్రంతా కళ్లు మూసేది కాదు.

ఇక్కడ ఉండనిచ్చే ఇఖామా ఇంకో రెండేళ్లకు వేయించనా అని మామా, అదే పనిచేసే ఇంటి యజమానురాలు, అడుగుతోంది. ఇంటికి పోయేదానికి మనసు లేక కాదు. పోతే, పలికే బిడ్డ ఉండాలి కదా.

హెలెన్ డిస్కు మూసుకున్నాక పెంచల్ బూజు తుడిచి తిరుపాలమ్మ క్యాసెట్టు లోపలికి తోశాడు. మేనమామ ఒళ్లో రాణి. నోట్లో బెల్లం ముక్క. ఆచారి బంగారు తీగ గుచ్చగానే పిల్ల కెవ్వుమంది. ఊరు ఊరంతా నవ్వింది. తర్వాత భోజనాలు. తర్వాత, ఆమె ఎప్పుడూ ఆపేసే చోటు వచ్చింది.

"ఆపల్లా అక్కా?" అన్నాడు పెంచల్.

"వద్దులే. పోనీ."

చాప మీద పిల్ల నిద్రపోతోంది, చెవుల చుట్టూ పసుపు. ఆకుపచ్చ చీరలో సన్నగా ఒక మనిషి సంచి భుజానికి తగిలించుకుని, చెప్పులు చేత్తో పట్టుకుని అడుగులో అడుగు వేస్తోంది. తిరుపాలమ్మ తనను తాను గుర్తుపట్టడానికి కాస్త టైం పట్టింది.

"పోవద్దని చెప్పండక్కా, వింటుంది," అంది హెలెన్ మెల్లగా.

ఆ మాట తిరుపాలమ్మ గొంతు దాకా వచ్చింది. మొగుడు చచ్చిపోయిన ఇల్లు. దాని మీద కప్పు, పిల్ల బడి, ఆ చెవులకు ఇప్పుడున్న కమ్మలు, అన్నీ ఆ పోవడంలోంచే వచ్చాయి. మాట మింగేసింది. మోకాళ్ల మీద టీవీ దగ్గరికి జరిగింది.

"ఏయ్ తిరుపాలూ! బిడ్డను లేపి పో."

ఆకుపచ్చ చీర మనిషి గడపలో ఆగి ఇటు తిరిగింది. "ఏడుస్తాది!"

"ఏడవనీ. చెప్పి పో."

"వదలదు నన్ను. రైలు పోతాది."

"వదలకుంటే విడిపించుకోని పోదువుగానీ. తెలవకుండా మాత్రం పోవాకు."

బయట జీపు హారన్ కొట్టింది. ఆ మనిషి చెప్పులు కింద పడేసి చాప దగ్గర కూలబడింది. పిల్లను లేపి, ఒళ్లోకి తీసుకుని చెవిలో ఏదో చెప్పింది. మైకులో పాటల మోతకు ఇవతల ఏమీ వినపడలేదు. పిల్ల ఏడ్చిన ఏడుపు మాత్రం వినపడింది. రెండు చేతులా కొంగు పట్టేసుకుంది. గంగాదేవి వచ్చి ఒక్కో వేలూ విడదీసింది. జీపు దుమ్ములో కలిసిపోయేదాకా పిల్ల వాకిట్లోనే నిలబడింది. ఎవరిని చూడాలో తెలిసి, ఆ పక్కకే చూస్తూ.

కూర మాడిన వాసన వస్తున్నా పెంచల్ కదల్లేదు. తిరుపాలమ్మ ముఖం తుడుచుకుని తలూపాక ఫైనలైజ్ నొక్కాడు.

మరుసటి రోజు మధ్యాహ్నం, ఇస్త్రీ బట్టలు పక్కకు తోసి ఊరికి ఫోన్ చేసింది. గంగాదేవి ఎత్తింది.

"బాగుండావా వదినా... అరె, ఉండే! నీ కూతురు ఫోన్ పెరుక్కుంటాంది!"

"మా!" అవతల రెడ్డిరాణి. "ఒకటి అడుగుతా, చెప్పు. ఆ పొద్దు నన్ను లేపకుండా పోయింటే ఏం? రైలు పోయినాక గూడా ఏడిస్తినంట. చెవులు వాచిపాయ. అత్త ఇప్పటికీ అందరికీ చెప్పి నగుతాది."

గంగాదేవిని ‘అత్త’ అంది. తిరుపాలమ్మ గోడకు ఆనుకుంది.

"తిట్టుమ్మీ. ఇంగా తిట్టు."

"తిట్టేదానికి నీ ఫోను కార్డు చాలదులే. ఈసారి సెలవుకొచ్చి పొయ్యేటప్పుడు నేనే స్టేషన్‌కు వచ్చి రైలెక్కిస్తా. ఏడవను, చూస్కో."

వంటింట్లోంచి మామా పిలుస్తోంది.

"షువయ్యా, మామా! కొంచెం ఆగు!" అని గట్టిగా కేకేసి, తిరుపాలమ్మ ఫోన్‌ను చెవికి ఇంకా దగ్గరగా అదుముకుంది.

"రైలెక్కిచ్చేదానికి గాదమ్మీ. దించుకునేదానికి రా. ఈసారి పెట్టెలన్నీ తెస్తాండా."