గుచ్చితే తెలుస్తోందా?

ఏసీ మెకానిక్కుకి ఓడిపోవడమంటే గిట్టదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం. రెండో అంతస్తు కిటికీ గట్టు మీద నడుముకి తాడైనా కట్టుకోకుండా నిలబడి, "నాకేమవుతుంది?" అన్నాడు. అన్న నోరు మూతపడకముందే కింద సిమెంటు నేల మీద వెల్లకిలా పడ్డాడు. తల దక్కింది గానీ వెన్నెముక విరిగింది.

అతని భార్య బడిలో లెక్కల టీచరమ్మ. పరీక్ష హాల్లో ఆవిడ కాపలా ఉంటే పిల్లలు పక్కకి కన్నెత్తి చూడరు. ఇంట్లో పులి, వీధిలో పిల్లి అంటారు కదా, ఆవిడ ఆ సామెతకు తిరగేసిన బాపతు.

వార్డులో పక్క మంచం మీద ఒక ముసలాయన. డాక్టరు ఆయన్ని కళ్లు మూసుకోమని, కాళ్లని సూదితో పొడుస్తూ "తెలుస్తోందా?" అని అడిగాడు. "లేదు బాబూ" అన్నాడాయన ప్రతిసారీ. డాక్టరు పెదవి విప్పకుండా తెర లాగేసి వెళ్లిపోయాడు.

"చూశావా? లేదన్నాడని వదిలేశారు," అన్నాడు మెకానిక్కు పెళ్లాంతో. "నన్నూ అలాగే మూలన పడేస్తారు. గుచ్చినప్పుడల్లా నా భుజం నొక్కు."

"వద్దండీ. తెలియకపోతే తెలియదనే చెబుదాం. డాక్టరు దగ్గర దాపరికమేమిటి?"

"నీ మొగుడు లేవాలా వద్దా? ఎదురు చెప్పకు."

ఎదురు చెప్పడం ఆవిడకు ఎలాగూ చేతకాదు.

డాక్టరు వచ్చాడు. "ఎముక విరిగినట్టు స్కాన్‌లో తెలిసింది. లోపల నరాలు ఎంత నలిగాయో మీ ఒళ్లే చెప్పాలి. కళ్లు మూసుకోండి."

సూది బొటనవేలిని తాకింది. టీచరమ్మ వేళ్లు భుజాన్ని నొక్కాయి. "తెలుస్తోంది." మోకాలు. "తెలుస్తోంది." తొడ. "అబ్బా, మెల్లగా డాక్టరుగారూ!" అంటూ మెకానిక్కు నాటకాన్ని రక్తి కట్టించాడు. కాలు కదపమంటే నడుం నొప్పని మూలిగాడు. అవతల బోలెడు మంచాలు తన కోసం ఎదురుచూస్తుంటే డాక్టరు నమ్మేశాడు.

"స్పర్శ నిక్షేపంగా ఉంది. ఆపరేషన్‌కి తొందరేం లేదు, రేపు చూద్దాం."

అంతలో తెర వెనకున్న ముసలాయన్ని స్ట్రెచర్ మీద ఆపరేషన్ గదికి పరుగున తోసుకుపోయారు. టీచరమ్మ మొగుడి చెవి దగ్గరికి వంగింది.

"ఏమండీ, ఆయన్ని వదిలెయ్యలేదు. ముందు ఆయన్నే తీసుకెళ్తున్నారు. నిజం చెప్పేస్తానండీ!"

"నోర్ముయ్. నన్ను అబద్ధాలకోరుని చేస్తావా?"

ఆవిడ నోరు మూసుకుంది. మెకానిక్కు మూర్ఖుడు, సరే. డాక్టరు పది అడుగుల దూరంలో ఉండగా ఈ మహాతల్లి నోటికేమొచ్చింది? తలుచుకుంటే ఒళ్లు మండుతుంది.

మర్నాడు పొద్దున్న బంధువులందర్నీ బయటికి పంపి డాక్టరు మళ్లీ సూది పట్టాడు. టీచరమ్మనీ, అప్పుడే వచ్చిన అత్తగారినీ లోపలికి పిలిచేసరికి డాక్టరు మొహం నల్లబడి ఉంది.

"నడుము కింద ఎక్కడా స్పర్శ లేదు. నిన్న నిజంగానే ఉందా?"

"నాకేం తెలుసు డాక్టరుగారూ?" అన్నాడు మెకానిక్కు. "నా పెళ్లామే భుజం నొక్కి అవుననమంది."

"నా కొడుకు కాళ్లు తినేశావు కదే!" అత్తగారు నెత్తి కొట్టుకుంది.

"ఎముక ముక్క నరాల్ని నొక్కేసింది," అన్నాడు డాక్టరు. "నిన్ననే తీసేసి ఉంటే కొంతైనా ఆశ ఉండేది. ఇప్పుడు ఆపరేషన్ చేసినా కూర్చోబెట్టడానికే. ఇక నడవడం కల్ల. చదువుకున్నవారు కదమ్మా, ఎందుకు చేశారీ పని?"

టీచరమ్మ మొగుడి వైపు చూసింది. అతను రెప్ప వెయ్యకుండా ఆవిడనే చూస్తున్నాడు. చచ్చేంత భయపడుతున్నాడు, కాళ్లు పోయినందుకు కాదు, తప్పు తనదని తేలిపోతుందని. ఆవిడకి అసహ్యం వేసింది, దాని వెనకే పాడు జాలీ వేసింది.

"నేనే చేశాను డాక్టరుగారూ. బుద్ధి గడ్డి తింది."

"విన్నారుగా, తనే ఒప్పుకుంది," అన్నాడు మెకానిక్కు, కేసు గెలిచినవాడిలా. తర్వాత పెళ్లాం వైపు తిరిగి, "ఏమే, గొంతు ఎండిపోతోంది. చెంచాతో కాసిని నీళ్లు పొయ్యి," అన్నాడు.

ఆవిడ పోసింది.