తిరగేసి కట్టిన వంటిల్లు

ఆ వీధిలో ఎవర్ని అడిగినా చెబుతారు, బస్సు డిపో ఎదురుగా ఉన్న హోటల్ వంటిల్లు తిరగేసి కట్టారని. కట్టిన మేస్త్రి పొద్దున్నంతా పనిచేసి, భోంచేసి, ఓ కునుకు తీసి లేచి, ప్లాను కాగితాన్ని వెనకవైపు నుంచి చూసి కట్టేశాడట. అందుకే ఎడమ పక్క ఉండాల్సినవన్నీ కుడి పక్కకి వచ్చాయట. ఈ కథ చెప్పింది హోటల్ పెట్టిన పెద్దావిడే. చెప్పిన ప్రతిసారీ మేస్త్రి కునుకు కాస్త పొడుగయ్యేది. ఆవిడ చివరి రోజులకి అది సాయంత్రం దాకా సాగింది.

ఆవిడ పోయి నాలుగేళ్ళయింది. ఇప్పుడు హోటల్ నడిపేది కూతురు. కూరగాయలవాడి దగ్గర్నుంచి డిపో మేనేజరు దాకా అందరూ ఆమెని అక్కగారూ అనే పిలుస్తారు, తనకన్నా పదేళ్ళు పెద్దవాళ్ళు కూడా. అలా పిలిపించుకోవడం అక్కగారికి ఇష్టమే గానీ పైకి చెప్పదు.

అమ్మ పోయాక అక్కగారు వంటింట్లో మేకు కూడా కదపలేదు. మసిగుడ్డ తగిలించే కొక్కెం, ఒక కాలు పొట్టిదైన ముక్కాలి పీట, చెవి మెలిపెడితే తప్ప పలకని రేడియో, అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. పొద్దున్నే తాళం తీసి లోపలికి అడుగుపెట్టగానే ముందురోజు నూనె వాసన, కడిగిన గచ్చు వాసన కలిసి ముక్కుకి తగిలేవి. ఆ రెండు క్షణాలూ అమ్మ ఇంకా వెనక గదిలో చీర కుచ్చిళ్ళు దోపుకుంటోందనిపించేది. ఆ రెండు క్షణాల కోసమే అక్కగారు అందరికన్నా ముందు వచ్చేది.

గోడ వెంట నాలుగు పొయ్యిలు వరసగా ఉంటాయి. వాటిలో నూనె పొయ్యి కుడి చివరిది. దానికి కుడి పక్కన గోడ, ఎడమ పక్కన వేయించినవి తీసి వేసే జల్లెడ పళ్ళెం, ఆ పళ్ళెం వెనక గ్యాసు వాల్వు. ముప్ఫై ఏళ్ళ కిందట చదువు అయిపోయి అక్కగారు మొదటిసారి ఆ వంటింట్లోకి వచ్చినప్పుడూ అంతే. అంతకు ముందు గుమ్మం దాటనిచ్చేది కాదు అమ్మ. గీత దాటితే కాళ్ళు విరగ్గొడతాననేది. వచ్చిన మొదటిరోజే కూతురు అడిగింది, నూనె పొయ్యి అలా గోడకి ఆనుకుని మూలకెందుకుందని. మేస్త్రి కునుకు కథ అప్పుడు పుట్టింది.

ఆ రోజుల్లో పొద్దున్న నూనె పొయ్యి కూతురిది, మధ్యాహ్నం నుంచి అమ్మది. నూనె చిందినా, మూకుడు అంచు తగిలినా అమ్మ దాన్ని కాలడం అననిచ్చేది కాదు. "గాజు పడింది" అనేది. ఆవిడ ముంజేతికి మణికట్టు నుంచి మోచేతి దాకా గాజులే. కొన్ని నల్లవి, కొన్ని తెల్లబడిపోయినవి. కూతురి చేతులకి మాత్రం ఒక్కటంటే ఒక్క గాజు లేదు. అందుకు అక్కగారికి చెప్పలేనంత గర్వం. నూనె పని వెన్నతో పెట్టిన విద్య అనుకునేది. నీకు చేతి నిలకడ లేదమ్మా, కాస్త చూసుకుని చెయ్యరాదా అని తల్లిని నలుగురిలో కసిరిన రోజులూ ఉన్నాయి. అమ్మ మసిగుడ్డ భుజాన వేసుకుని నవ్వేసేది. "ఏం చేస్తాం, గాజులంటే మోజు" అనేది.

అలాంటి వంటింటికి ఈ ఏడు ఒక చిక్కొచ్చి పడింది. పక్క వీధి హోటల్లో పొగగొట్టంలో పేరుకున్న జిడ్డు అంటుకుని వంటిల్లు సగం కాలిపోయింది. మనుషులకేమీ కాలేదు. ఆ వారమే అగ్నిమాపక ఆఫీసు నుంచి అందరికీ కాగితాలు వచ్చాయి, మంట లేస్తే దానంతటదే ఆర్పే ఏర్పాటు పొయ్యిల మీద నెలలోపు పెట్టించాలని.

మొదట వచ్చినవాడు పొడి చల్లే యంత్రం అమ్మేవాడు. రెప్పపాటులో మంట మాయమవుతుందని చేతులు తిప్పుతూ చెప్పాడు. అక్కగారు అంతా విని, మంట పోయాక నూనె సంగతేమిటని అడిగింది. కాగిన నూనె వేడి దిగకపోతే మళ్ళీ అంటుకోదా అంది. అతను తన పుస్తకంలో పేజీలు తిప్పాడు, ఆ సంగతి ఎక్కడా దొరకలేదు. అక్కగారికి ఇది పుస్తకంలో చదవాల్సిన పని లేదు. మూకుడు అంటుకున్నప్పుడల్లా అమ్మ పెద్ద ఇనప మూత బోర్లించి, పొయ్యి కట్టేసి, పక్కన పీట వేసుకుని పావుగంట కాపలా కూర్చునేది. ఆరిందా లేదా అని మూత ఎత్తబోయిన వాళ్ళ చేతిమీద గరిటెతో ఒకటి ఇచ్చేది.

తర్వాత వచ్చినాయన చెవిమీద పెన్సిలు, నడుముకి కొలతల టేపు పెట్టుకుని వచ్చాడు. కుర్చీ వేసినా కూర్చోకుండా గోడలు కొలవడం మొదలుపెట్టేసరికి వంటింట్లో వాళ్ళు టేపు మేస్త్రి అని పేరు పెట్టేశారు. ఆయన చెప్పిందాంట్లో పొడి లేదు, మందు నీళ్ళున్నాయి. మంట వేడికి పొయ్యిల పైన బిగించిన లోహపు లంకె కరిగి తెగగానే గ్యాసు దానంతటదే ఆగిపోతుంది, నాజిళ్ళలోంచి మందు దిగుతుంది. కాగే నూనెమీద పడగానే అది సబ్బు నురగలా మారి తెట్టు కడుతుంది. నూనె చల్లారేదాకా ఆ తెట్టు కదలదు.

"అంటే మూత," అంది అక్కగారు.

"మూతేనండి. మెత్తటి మూత."

అక్కడికక్కడే ఆయనకి పని ఇచ్చేసింది. ఇక అంతా నల్లేరుమీద నడకే అనుకుంది. అప్పుడు టేపు మేస్త్రి అసలు మెలిక చెప్పాడు. ఒక్కో నాజిల్ ఒక్కో పొయ్యికి గురిపెట్టి బిగిస్తారు. బిగించాక పొయ్యి జానెడు జరిగినా గురి తప్పుతుంది. కాబట్టి ఇప్పుడు ఏది ఎక్కడుంటే ఇక ఎప్పటికీ అక్కడే, బాగా ఆలోచించుకోమన్నాడు. అక్కగారికి నవ్వొచ్చింది. ఎప్పటికీ అక్కడే ఉండాలనే కదా నాలుగేళ్ళుగా తన తాపత్రయం. ఉన్నదున్నట్టు బిగించమంది.

ఆయన వెంటనే ఒప్పుకోలేదు. నూనె పొయ్యి దగ్గర పనిచేసేది ఎవరని అడిగాడు. ఏడాదిగా ఆ పని అక్కగారి మేనకోడలిది. తమ్ముడి కూతురు, ఇరవై నాలుగేళ్ళ పిల్ల, చురుకైనది. నూనె అంటుకుంది అనుకో, వాల్వు కట్టెయ్యి అన్నాడు ఆమెతో. మేనకోడలు ఆలోచించకుండా కుడిచెయ్యి చాపింది. ఆ చెయ్యి మూకుడు మీదుగా అడ్డంగా వెళ్ళి ఎడమ పక్క వాల్వుని అందుకుంది. వేయించినవి తీసి పళ్ళెంలో వెయ్యమన్నాడు. మళ్ళీ అదే చెయ్యి, అదే దారి. టేపు మేస్త్రి ఆమె ముంజేతి వైపు చూశాడు. అక్కడ అప్పటికే మూడు గాజులున్నాయి.

"మంటలోంచి పోతోందండి ఆ చెయ్యి," అన్నాడు అక్కగారితో. "పొయ్యిని ఎడమ చివరకి మార్చండి. పళ్ళెం, వాల్వు కుడి పక్కకి వస్తాయి. తర్వాత నాజిళ్ళు పెడదాం."

అక్కగారికి ఒళ్ళు మండింది. వంటింటికి రంగులేయించడానికే మనసొప్పని మనిషిని పొయ్యి మార్చమంటే ఊరుకుంటుందా? ఇదే పొయ్యి దగ్గర తాను ముప్ఫై ఏళ్ళు వేయించానని, ఒక్క మచ్చ ఉంటే చూపించమని రెండు చేతులూ ఆయన ముందు చాపింది. పిల్లకి ఇంకా నిలకడ రాలేదు, అంతేనంది. మేనకోడలు తల దించుకుని, ముందుగదిలో ఎవరో పిలిచినట్టు అటు వెళ్ళిపోయింది. అక్కగారు అగ్గిమీద గుగ్గిలమై పని కాగితం విసురుగా లాక్కుని సంతకం చేసింది.

టేపు మేస్త్రి ఆ సంతకాన్ని చూశాడు. సంతకాన్ని కాదు, కలం పట్టుకున్న ఎడమచేతిని చూశాడు. వెళ్ళి వరస ఎడమ చివర గోడ దగ్గర మోకాళ్ళమీద కూర్చుని, టార్చి వేసి, గోరుతో రంగు గీకాడు. నాలుగైదు రంగుల పొరల కింద నుంచి బిరడా బిగించిన గ్యాసు పైపు మొన బయటపడింది. దాని పైన మసిగుడ్డ కొక్కేనికి వేసిన పాత కన్నం, సిమెంటుతో పూడ్చినది.

"కట్టినాయన సరిగ్గానే కట్టాడండి," అన్నాడు. "నూనె పొయ్యి ముందు ఇక్కడే ఉండేది. తర్వాత ఎవరో అటు మార్పించారు."

రేపు వస్తానని టేపు చుట్టుకుని వెళ్ళిపోయాడు. గోడ పక్కన కూరగాయలు తరుగుతున్న పిన్ని చేతిలో కత్తి ఆగిపోయి ఉంది. పిన్ని అంటే అమ్మకి స్వయానా చెల్లెలు, హోటల్ పెట్టిన నాటి నుంచీ ఆ మూలే ఆవిడ చోటు. డెబ్భై ఏళ్ళొచ్చినా తరగడం మానలేదు, మాట్లాడటం మాత్రం బాగా తగ్గించింది.

అక్కగారు ఆవిడ ఎదురుగా ముక్కాలి పీట మీద కూర్చుంది.

"ఏ మేస్త్రీ కునుకు తియ్యలేదమ్మాయ్," అంది పిన్ని. "నువ్వు ఇంట్లో పాలగిన్నె దించుతుంటే చూసింది మీ అమ్మ. పుర్రచేత్తో పొయ్యి మీదుగా అడ్డంగా దించావు. ఆ రాత్రి తనకి నిద్ర లేదు. రేపు ఇది హోటల్లో నూనె దగ్గర నిలబడితే దీని చెయ్యేం కాను అని ఒకటే గోల. నువ్వొచ్చే ముందు వారం రెండ్రోజులు హోటల్ మూసేసి అన్నీ ఇటు మార్పించింది."

"అమ్మది కుడిచెయ్యి కదా పిన్నీ."

"కుడిచెయ్యే."

నాతో ఎందుకు చెప్పలేదని అక్కగారు అడిగింది.

"చెబితే ఊరుకుంటావా? నాకోసం వద్దు, నేనే అలవాటు పడతానని మొండికేసేదానివి. ఎప్పటికీ చెప్పొద్దని నాతో ఒట్టేయించుకుంది. ఇవాళ ఆయన గోడ గీకాడు గనక చెప్పాను."

అక్కగారు తన ఎడమచెయ్యి తిప్పి చూసుకుంది. నున్నగా, ఇరవయ్యేళ్ళ పిల్ల చెయ్యిలా ఉంది. ఇన్నాళ్ళూ గర్వపడిన చెయ్యి. అమ్మ గాజులన్నీ ఏ చేతికి ఉండేవో ఇప్పుడు గుర్తొచ్చింది. అన్నీ కుడిచేతికే, అన్నీ తాను వంటింట్లోకి వచ్చాక పడినవే. రోజూ మధ్యాహ్నం తన కుడిచేతికి అనువుగా లేని పొయ్యి దగ్గర, అడ్డంగా చెయ్యి చాపి, ఇరవై ఆరేళ్ళు వేయించిన మనిషిని చేతి నిలకడ లేదని నలుగురిలో కసిరింది తను. ముందు సిగ్గేసింది. ఏడుపు తర్వాత వచ్చింది. ముఖం కడుక్కుందామని వెళ్ళి, కుళాయి విప్పి, ఎంతసేపటికీ కట్టెయ్యలేదు. పిన్ని చూడనట్టే తరుగుతూ కూర్చుంది.

మర్నాడు టేపు మేస్త్రి వచ్చేసరికి అక్కగారు గుమ్మంలోనే ఎదురైంది. నూనె పొయ్యిని ఎడమ చివరకి మార్చి, ఆ తర్వాతే నాజిళ్ళు బిగించమంది. పిన్ని కత్తి పక్కన పెట్టేసింది. మీ అమ్మ దగ్గరుండి పెట్టించిన పొయ్యి అది, ఇంకెప్పటికీ వెనక్కి రాదు, మళ్ళీ ఆలోచించుకోమంది.

"అమ్మ దాన్ని అక్కడ పెట్టింది నాకోసం పిన్నీ," అంది అక్కగారు. "ఇప్పుడక్కడ నిలబడేది నేను కాదుగా."

పిన్ని మళ్ళీ కత్తి అందుకుంది. పని మూడు రోజులు పట్టింది. పాత పైపు మొనకి బిరడా తీసి కొత్త పైపు కలిపారు. పొయ్యిల మీద నాజిళ్ళు వరసగా తలలు దించుకుని నిలబడ్డాయి. దానంతటది పనిచెయ్యకపోతే లాగే ఎర్ర పిడిని వెనక గుమ్మం దగ్గర పెట్టారు, ఏ చేతికైనా అందేలా. ముక్కాలి పీట, రేడియో వాటి చోట్లలోనే ఉన్నాయి. అమ్మ ఇనప మూతని అక్కగారు స్వయంగా తోమి, నూనె పొయ్యి వెనక గోడకి తగిలించింది. పొద్దున్నే తాళం తీసినప్పుడు వాసన అదే, కానీ అక్కగారి కాళ్ళు మాత్రం వారం రోజులు కుడి చివరకే వెళ్ళి, అక్కడ నూనె పొయ్యి లేక తడబడి వెనక్కి వచ్చేవి.

నాలుగేళ్ళు కదపనివ్వని పొయ్యిని ఉన్నట్టుండి ఎందుకు మార్చావని మేనకోడలు అడిగింది. పిన్ని తల ఎత్తింది.

"కట్టిన మేస్త్రి కునుకు తీసి కాగితం తిరగేశాడు కదే," అంది అక్కగారు. "పరువు పోతోందని ఇప్పుడు సరిచేయించా."

నెల తిరిగింది. ఒకరోజు మేనకోడలు భోజనానికి కూర్చుంటే అక్కగారు తానే గరిటె తీసుకుని నూనె పొయ్యి దగ్గర నిలబడింది. రెండు వాయిలు బాగానే దిగాయి. మూడో వాయి తీసి కుడి పక్క పళ్ళెంలో వేస్తుంటే మూకుడు అంచు చురుక్కుమని తగిలింది. ఎడమ ముంజేతిమీద, మణికట్టుకి కాస్త పైన, సన్నటి ఎర్రటి గీత తేలింది. మేనకోడలు ఎంగిలిచేత్తోనే పరిగెత్తుకొచ్చింది. కుళాయి కింద చెయ్యి పెట్టించి, ముప్ఫై ఏళ్ళు చేశానంటావు, కాస్త చూసుకుని చెయ్యొచ్చు కదత్తా, నీకు నిలకడ తగ్గిపోతోంది అని కసిరింది.

నీళ్ళు చల్లగా గీత మీదుగా జారుతున్నాయి. అక్కగారు ఆ గీతనే చూస్తూ ఉండిపోయింది.

"ఏం చేస్తామే," అంది. "గాజులంటే మోజు."

మూలన పిన్ని కొంగుతో కళ్ళు తుడుచుకుంటోంది. ఏమైందని మేనకోడలు అడిగితే ఉల్లిపాయలంది. ఆవిడ ముందు పళ్ళెంలో ఉన్నవి బంగాళాదుంపలు.