నాలుగు వేల లీకులు

మా ఆయన ముప్పై ఏళ్ళు నీటి సరఫరా ఆఫీసులో లీకులు మూసే ఉద్యోగం చేశారు. రిటైరైనా ఆ జబ్బు పోలేదు. ఎక్కడైనా చుక్క కారిన చప్పుడైతే కంచం ముందునుంచి లేచిపోతారు. చుట్టాలింటికి వెళ్తే ముందు కుళాయి చూసి, తర్వాత కుశలమడుగుతారు. అలాంటి మనిషికి నా నారు షెడ్డు అప్పగించి వారం రోజులు చెల్లెలింటికి వెళ్ళడం నాదే బుద్ధితక్కువ.

షెడ్డులో నలభై ట్రేల టమాటా నారు ఉంది. ట్రేకి దగ్గరదగ్గర వంద గుంటలు, గుంటకో మొక్క. ఆదివారం ఒక రైతు వచ్చి మొత్తం తీసుకెళ్తానన్నాడు. పోయినసారి నేనిచ్చిన నారు సగం చచ్చిపోయి, ఊరంతా నా పేరు మోగిపోయింది. ఇదీ పాడైతే ఇక షెడ్డుకు తాళమే. అందుకే వెళ్ళేముందు ఒకటికి పదిసార్లు చెప్పాను, పొద్దున ఒక్కసారి తడపండి, ఇంకేదీ ముట్టుకోకండి అని.

మంగళవారం తిరిగొచ్చేసరికి ఆకులన్నీ పసుపెక్కి తలలు వాల్చేశాయి. ఈయన నిమ్మకు నీరెత్తినట్టు స్టూలు మీద కూర్చుని, పాపం దాహం కాబోలు, రోజుకు మూడుసార్లు పోస్తున్నా వాడిపోతున్నాయన్నారు. వేలు పెట్టి చూస్తే లోపలంతా బురద. ట్రే పైకెత్తితే కింద ఒక్క చుక్క రాలలేదు. తొంగి చూశాను. ప్రతి గుంట అడుగునా ఉండాల్సిన చిల్లుకు నున్నగా మైనం పెట్టి ఉంది.

"అన్నీ కారుతున్నాయే! నాలుగు వేల లీకులు, రెండే రోజుల్లో మూసేశాను" అన్నారు, మెచ్చుకుంటానేమోనని నా మొహంలోకి చూస్తూ.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఏమేం అన్నానో ఇక్కడ రాయలేను. పక్కింటావిడ సరిగ్గా వినబడడం లేదని కిటికీ తెరిచింది. చివరికి నాకు ఏడుపొచ్చేసింది. నీళ్ళు నిలిస్తే వేళ్ళకు గాలాడదని, గాలాడకపోతే నీళ్ళలో ఉండి కూడా అవి తాగలేవని ముక్కు చీదుతూ చెప్పాను. ఆయన చివరిదాకా విని, ఒక ట్రే ఎత్తి అడుగు మైనాన్ని గోటితో గీకి చూశారు. తర్వాత లోపలికెళ్ళి పాత గొడుగు ఊచలు రెండు పట్టుకొచ్చారు.

ఇద్దరం నేలమీద చతికిలబడి మళ్ళీ నాలుగు వేల చిల్లులూ పొడిచాం. చుక్క పడిన ప్రతిసారీ ఆయన ఉలిక్కిపడేవారు. నడుములు పడిపోయాయి. ట్రేల కింద ఇటుకలు పేర్చి గాలాడనిచ్చాం. నీళ్ళ డబ్బా మాత్రం నా మంచం కింద దాచాను, ఆ మనిషిని నమ్మలేక. గురువారానికి మట్టి కాస్త ఆరింది, ఆకుల మీద పల్చగా ఎరువు నీళ్ళు చల్లాను. శనివారం ఒక మొక్క పీకి చూస్తే తెల్లటి కొత్త వేళ్ళు. నాలుగు ట్రేలు పోయాయి, ముప్పై ఆరు బతికాయి. ఆ పూట నేనే ఆయనకు కాఫీ ఇచ్చాను.

ఆదివారం పొద్దున నారు తడిపాక రైతు వచ్చాడు. వేళ్ళు చూసి, బాగుందన్నాడు. ట్రేలు ఎక్కిస్తుంటే అతని వెంటొచ్చిన వ్యాను డ్రైవరు మొహం చిట్లించాడు.

"ఇవి కారుతున్నాయమ్మా, బండి పాడైపోద్ది. ఏదైనా పెట్టి మూసేద్దురూ."

మా ఆయన చెయ్యి చటుక్కున జేబులోకి పోయింది. నేను చేతిలో ట్రే కింద పెట్టేసి ఆయన వైపు రెండడుగులు వేశాను. చెయ్యి అక్కడే ఆగింది.

"ముప్పై ఏళ్ళు లీకులు మూసినవాణ్ణి చెప్తున్నా, ఇది లీకు కాదు. కారనివ్వు" అన్నారు.

వ్యాను వెళ్ళిపోయింది. దాని వెనక రోడ్డు మీద పడిన తడిగీత మలుపు తిరిగేదాకా ఆయన కళ్ళప్పగించి చూశారు. తర్వాత జేబులోంచి మైనం ముద్ద తీసి నా చేతిలో పెట్టారు.

"నీ దగ్గరే ఉంచు. మంచం కింద డబ్బా పక్కన పెట్టెయ్."