అద్దం అవతలి ఎండ

నా బిడ్డ అర్షీన్ పెంచుకునే తాబేలు పెంకు మెత్తబడిందంటే నేను నమ్మలేదు. వేలితో నొక్కితే లోపలికి దిగింది. అది తిండి మానేసి అప్పటికే మూడు రోజులు.

పద్నాలుగేళ్ల పిల్ల, పట్టిన పట్టు వదలదు, అచ్చం నాలాగే. బడి ఎగ్గొట్టింది. తాబేలును బకెట్లో పెట్టుకుని ఇద్దరం ఆటోలో పశువుల దవాఖానకు వెళ్లాం. బర్రెల మధ్య మా బకెట్టును చూసి జనం నవ్వారు. నవ్వుకోనీ, నాకేం!

డాక్టర్ గజేందర్ మాత్రం నవ్వలేదు. "దీనికి ఎండ తగులుతుందా?" అని అడిగారు.

"ఎందుకు తగలదు సార్? రోజు కిటికీ కాడనే పెడ్తం."

"అద్దం తెరుస్తరా?"

"లేదు సార్, కాకులొస్తయి. తాబేలు అమ్మిన దుకాణపాయన ఇచ్చిన నీలం లైటు గూడ ఏస్తున్నం."

"గది ఉత్త షోకు లైటమ్మా. పెంకు గట్టిపడాల్నంటే ఎండల ఉండే యూవీ కిరణాలు గావాలె. అద్దంల నుంచి వెలుగొస్తది, వేడొస్తది, యూవీ మాత్రం రాదు. యూవీ బల్బు తెప్పియ్యున్రి. గప్పటిదాంక బయట ఎండకు పెట్టున్రి, పక్కన జర నీడుండాలె."

"మనుషులకు గూడ గంతేనా సార్?" అంది అర్షీన్.

దాని చేతుల మీద తెల్లమచ్చలు. చర్మం డాక్టర్ మలాము రాసిచ్చి, రోజూ పది నిమిషాలు ఆరుబయట ఎండలో కూర్చోబెట్టమన్నారు. నలుగురూ చూస్తారని నేనే కిటికీ అద్దం మూసి లోపల కూర్చోబెట్టాను. ఎక్కడైనా ఎండ ఎండే కదా అనుకున్నాను. ఎనిమిది నెలలు! ఒక్క మచ్చ తగ్గకపోగా కొత్తవి రెండు వచ్చాయి. ఆ డాక్టర్ను నేను తిట్టని రోజు లేదు.

"నేను పశువుల డాక్టర్ను బిడ్డా, మీ డాక్టర్నే అడుగు," అన్నారాయన.

ఫోన్ చేస్తే చర్మం డాక్టర్ అవునన్నారు. నన్ను నాలుగు దులిపారు కూడా.

ఇంటి ముందు ఆటో దిగాక అర్షీన్ అడిగింది. "అమ్మీ, నీకు నా మచ్చలు పోవాల్నా, ఎవ్వలకు కనవడకుంటె చాల్నా?"

బిడ్డ మీద ప్రేమ అనుకున్నదంతా భయమే. ఆ భయం కూడా నాదే, దానిది కాదు.

మర్నాడు ఆదివారం. పది గంటలకు గడప ముందు, వీధిలోనే కుర్చీ వేశాను. అర్షీన్‌ను కుర్తా చేతులు పైకి మడుచుకుని కూర్చోమన్నాను. పక్కనే తాబేలు తొట్టి పెట్టి, సగానికి చెక్క కప్పాను. నేనూ లోపలికి పోకుండా మెట్టు మీద కూర్చున్నాను.

ఎదురింటి దుర్గవ్వ కూరగాయల సంచితో వస్తోంది. నాకు తెలియకుండానే లేచి బిడ్డకు అడ్డంగా నిలబడ్డాను.

"అయ్యో, పిల్ల చేతులకేమైంది నస్రీనూ? కాలిందా?"

అవునంటే అయిపోయేది. ఇన్నాళ్లూ ఎవరడిగినా నూనె చిట్లిందనే చెప్పాను. అర్షీన్ తాబేలునే చూస్తోంది.

"కాలలేదు దుర్గవ్వా. బొల్లి. దవాయి నడుస్తుంది, అందుకే ఎండకు కూసున్నది," అన్నాను.

అర్షీన్ తలెత్తింది.

"అమ్మీ, జర పక్కకు జరుగు. ఎండ నువ్వే ఆపుతున్నవ్."

జరిగాను.