మూల మీద నల్ల గుండీ

"డ్రా అయితే సాలు మాస్టరా," అన్నాడు చెంగయ్య ఫోనులో.

నాయబ్ రసూల్ కాళ్ళు కుట్టు మిషను పెడలు మీద ఆడుతూనే ఉన్నాయి. ఫోనును ఎడమ భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని బుల్లెట్ బండి సీటుకు కవరు కుడుతున్నాడు. మిషను మోతలో 'డ్రా' కాస్తా 'దారం' అయి చెవిలో పడింది.

"దారం దండిగా ఉండాదప్పా. మొన్ననే సిత్తూరు పోయి ఆరు రీళ్ళు తెచ్చినా."

చెంగయ్యకు 'ఆరు' ఒక్కటే వినబడింది. సీజనంతా కలిపి రెండంటే రెండు గోల్స్ కొట్టిన జట్టుకు ఆరు ఎక్కడినుంచి వచ్చాయా అని లెక్క వేసుకున్నాడేమో. తర్వాత, మిషను ఆపమని చెప్పి, మళ్ళీ మొదటినుంచి చెప్పాడు. ఈ మధ్యాహ్నం పాకాల జట్టుతో ఫుట్‌బాల్ లీగులో చివరి మ్యాచి. డ్రా చేసుకుంటే పై డివిజనులో మిగులుతారు. ఓడితే కిందికి జారతారు. జారితే జట్టే వద్దనీ, ఫ్యాక్టరీ వెనక మైదానంలో మామిడికాయల లారీలు నిలుపుకుంటామనీ మేనేజరు పొద్దున్నే తేల్చి చెప్పేశాడట.

రసూల్ ఫోను పెట్టేసి భుజం నిమురుకున్నాడు. రెండు రోజులుగా అక్కడ ఒకటే సలుపు. ఇంట్లో భార్య జహీరున్నీసా చిత్తూరు ఆసుపత్రికి పోదామని పోరుతోంది. మ్యాచి అయ్యాక చూద్దామన్నాడు. నలభై ఏళ్ళుగా మిషను మీద వంగిన భుజం సలపక సన్నాయి వాయిస్తుందా అని ఆమెను నవ్వించబోయాడు. ఆమె నవ్వలేదు.

బంగారుపాళ్యంలో హైవే పక్కన, టీ అంగడికీ పంక్చరు షాపుకీ నడుమ ఇరుక్కున్న రేకుల గది ఆయన అంగడి. వయసు యాభై ఎనిమిది. పొడుగ్గా, సన్నగా ఉంటాడు. మెడలో కొలత టేపు వేసుకుంటే ఏది టేపో ఏది మనిషో దగ్గరికొచ్చి చూడాలి. కుడి చూపుడువేలి కొసన సూది పోట్లన్నీ కలిసి గట్టిపడి, చిన్న గులకరాయిలా అయింది. వయసులో ఉండగా చిత్తూరు క్లబ్బుకు రైట్ బ్యాక్ ఆడాడు. ఆ సంగతి ఇప్పుడు ఆయన కుడి మోకాలికి తప్ప ఎవరికీ గుర్తు లేదు.

మూడేళ్ళ కిందట మామిడి పల్ప్ ఫ్యాక్టరీ సూపర్వైజరు చెంగయ్య జట్టుకు బట్టలు కుట్టమని వచ్చాడు. పదకొండు లాగులు, పాతకాలం తరహాలో కాలరూ రెండు తెల్ల గుండీలూ పెట్టిన పదకొండు జెర్సీలు. కుట్టి ఇచ్చాక, కుట్టు ఎలా కూర్చుందో చూద్దామని మైదానానికి వెళ్ళాడు రసూల్. కుట్టు బాగానే కూర్చుంది. ఆటే కూలబడి ఉంది. లాగులు కుట్టినవాడు ఆ సాయంత్రమే లీగులోకి దిగాడు. అప్పట్నుంచి అంగట్లోనూ మాస్టరే, ఆటలోనూ మాస్టరే.

ఆయన ఎత్తుగడ ఒక్కటే. బంతిని దూరం తన్నకూడదు. పక్కనున్నవాడికి ఇవ్వాలి, వాడు తన పక్కవాడికి ఇవ్వాలి. దారిలేకపోతే వెనక్కి ఇవ్వాలి. పొడుగు కుట్టు వేస్తే పిగిలిపోతుందని చెప్పేవాడు. జనం ఈలలు వేసి వెక్కిరించారు. పాసుల మీద పాసులు ఇచ్చినా ఒక్క మ్యాచీ పాసు కాలేదన్నారు. రసూల్ ఎత్తుగడ మార్చలేదు. కాయల సీజనులో ఆ పిల్లలు ఫ్యాక్టరీలో పన్నెండేసి గంటలు తడి నేల మీద, బెల్టు పక్కన నిలబడి కాయలు ఏరుతారు. బూట్లు విప్పితే పాదాలు నాని, ముడతలు పడి, తెల్లగా ఉంటాయి. ఆ కాళ్ళను చూశాక, పరిగెత్తాల్సింది బంతేగానీ మనుషులు కాదని ఆయన ఎప్పుడో నిర్ణయించుకున్నాడు.

ఎత్తుగడ చెప్పడానికి ఆయన దగ్గర ఒక ఆకుపచ్చ రెక్సిన్ ముక్క ఉంది. దాని మీద బట్టల సుద్దతో గీతలు గీసి, తెల్ల చొక్కా గుండీలను ఆటగాళ్ళుగా పేర్చేవాడు. మొదట పదకొండు ఉండేవి. ఈ సీజనులో పూతలపట్టు నుంచి కొత్తగా వచ్చిన విజయ్ కుమార్ కాలరు గుండీ మొదటి రోజే తెగిపోయింది. చేతికందిన గుండీని రెక్సిన్ మీదినుంచే తీసి, అక్కడికక్కడే కుట్టేశాడు రసూల్. మిగిలింది పది. పదకొండోవాడు తన కళ్ళ ముందే ఉన్నాడు కదా, గుండీ ఎందుకు అనుకున్నాడు. ఆషాఢం గాలికి రెక్సిన్ ఎడమ పైమూల లేచి చుట్టుకుపోతుంటే, దాని మీద ఒక పెద్ద నల్ల కోటు గుండీని బరువుగా పెట్టాడు.

విజయ్ కుమార్ ఆట మాత్రం ఆయనకు అర్థం కాలేదు. మ్యాచి మొదలవగానే పోయి ఎడమ మూల జెండా దగ్గర నిలబడేవాడు. బంతి వస్తే అందుకుని వెనక్కి ఇచ్చేవాడు, మళ్ళీ అక్కడే నిలబడేవాడు. నైట్ షిఫ్టు చేసి వస్తున్నాడు పాపం, ఆ మూలనన్నా రెండు గంటలు ఊపిరి పీల్చుకోనీ అనుకున్నాడు రసూల్. పిలిచి ముందుకు తొయ్యడానికి నోరు రాలేదు.

పన్నెండింటికి అంగడి మూసి, రెక్సిన్ చుట్టి చంకలో పెట్టుకుని, గుండీలు జేబులో వేసుకుని జట్టుతో పాటు టెంపో ఎక్కాడు. పొద్దున కాయలు దింపిన టెంపో అది. చెక్కల సందుల్లో మామిడి జిగురు ఇంకా తడిగానే ఉంది. పూతలపట్టు దాటేదాకా గోల్ కీపరు మునికృష్ణ అందరినీ నవ్విస్తూనే ఉన్నాడు. ఓడిపోతే రేపట్నుంచి మైదానంలో లారీలకు పాసింగ్ నేర్పుదామన్నాడు. రసూల్ కూడా నవ్వాడు. నవ్వితే ఛాతీలో పట్టేసింది.

పాకాల మైదానంలో మూల జెండాకు పక్కనే వేపచెట్టు ఉంది. ఆ నీడలో ఒక క్రేటు బోర్లించి, దాని మీద రెక్సిన్ పరిచి, ఇంకో క్రేటు మీద కూర్చున్నాడు రసూల్. ఇరవయ్యో నిమిషంలో పాకాల వాళ్ళు గోల్ కొట్టారు. ఆ తర్వాత మన వాళ్ళు కుట్టిందే కుట్టారు. ముడి మాత్రం పడలేదు.

విరామంలో జట్టంతా క్రేటు చుట్టూ చేరింది. ఆయన తెల్ల గుండీలను ఒక్కొక్కటే కాస్త ముందుకు జరిపి, నువ్విక్కడ, నువ్విక్కడ అని చూపించాడు. విజయ్ కుమార్ కళ్ళు నిద్రలేక ఎర్రగా ఉన్నాయి. రెక్సిన్ మూలకేసి చాలాసేపు చూశాడు.

"నేను ఆడనే నిలబడాల్నా మాస్టరా?"

రసూల్‌కు జాలేసింది. తన నిమ్మసోడా వాడి చేతికిచ్చాడు.

"నిలబడప్పా. ఏం పరవాలేదు," అన్నాడు.

రెండో సగంలో వాళ్ళు వేపచెట్టు వైపు గోలుకు ఆడారు. విజయ్ కుమార్ నిలబడే మూల మాస్టరుకు పది అడుగుల దూరంలోకొచ్చింది. గాలి పెరిగింది. దుమ్ము లేచింది. ఆట ఇంకో పది నిమిషాలు ఉందనగా, భుజంలో ఉన్న సలుపు ఛాతీలోకి దిగి, లోపల ఎవరో దారం లాగి బిగించినట్టయింది. రసూల్ ముందుకు వంగి క్రేటును పట్టుకోబోయాడు. అరచేతి కింద కోటు గుండీ తగిలింది. నొప్పికి పిడికిలి బిగుసుకుంది, గుండీ అందులోనే ఉండిపోయింది. బరువు పోయిన మూల లేచి చుట్టుకుంది. తెల్ల గుండీలు జలజలా మట్టిలో పడ్డాయి.

విజయ్ కుమార్ తల తిప్పి చూశాడు. ఖాళీ మూలను చూశాడు. మాస్టరు మూసిన పిడికిలి చూశాడు. ఆ పైన ఇంక జెండా దగ్గర నిలబడలేదు.

అన్ని వారాలు ఆగిన కాళ్ళు ఒక్కసారి కదిలినట్టు పరిగెత్తాడు. అక్కడ కాపలా ఉన్న పాకాల కుర్రాడు, వీడు కదులుతాడని అనుకోలేదేమో, చూస్తూ ఉండిపోయాడు. మధ్యలో పొట్టి పొట్టి పాసులు సాగుతున్నాయి. నాలుగో పాసు విజయ్ కుమార్ కాలికి తగిలింది.

పిల్లవాడికి అలుపు తీరినట్టుంది అనుకున్నాడు రసూల్. ఎంత బాగా పరిగెత్తుతున్నాడో అనుకున్నాడు. వల ఉబ్బడం ఆయనకు కనిపించింది. గోల మాత్రం ఎక్కడో దూరాన, పెడలు మీంచి కాలు తీసేశాక కూడా కాసేపు తిరిగే మిషను చక్రం చప్పుడులా వినిపించి, మెల్లగా ఆగింది.

ఆట ఒకటి ఒకటితో ముగిసింది. అందరూ అరుస్తూ వేపచెట్టు దగ్గరికి పరిగెత్తుకొచ్చారు. మాస్టరు చెట్టుకు తల ఆనించుకుని ఉన్నాడు. నిద్రపోతున్నాడనుకుని, మునికృష్ణ అందరినీ అరవొద్దని సైగ చేశాడు.

మూడో రోజు ఫాతిహా ప్రార్థన అయ్యాక జట్టంతా జెర్సీలతోనే మాస్టరు ఇంటికి వెళ్ళింది. జహీరున్నీసా, భర్త పోయాక పాటించే ఇద్దత్‌లో ఉంది. లోపలి గది గుమ్మానికి వేసిన తెర వెనక కూర్చుని మాట్లాడింది. మైదానం ఉంటుందని, లారీలు రావని చెంగయ్య చెప్పాడు. ఆయన ఉంటే సంతోషపడి ఉండేవాడని ఆమె అంది.

విజయ్ కుమార్ గొంతు సవరించుకున్నాడు.

"మాస్టరు నా గుండీ ఎత్తినాడమ్మా. అందుకే మూల ఇడిసి పోయినాను. లేకుంటే పోయుండను."

"నీ గుండీ ఏందప్పా?"

"నల్లది. మూలనుంటాదే. మొదట్నుంచీ అది నేనే గదా."

తెర వెనక ఆమె గుమ్మానికి ఇంకాస్త దగ్గరగా జరిగింది.

"అది ఎవురూ గాదప్పా. గాలికి రెక్సిన్ లేస్తాండాదంటే నేనే ఇచ్చినా. మా నిఖాకు ఆయన ఏసుకున్న కోటు గుండీ అది. నీ గుండీ తెల్లది. నీ అంగీకే కుట్టేసినానని ఆ పొద్దే చెప్పినాడు నాకు."

విజయ్ కుమార్ చెయ్యి దానంతట అదే కాలరు మీదికి పోయింది.

"రాత్రంతా పని చేసి వస్తాడు, ఆ మూలనన్నా అలుపు తీర్చుకోనీ అనేవాడు నీ గురించి. నిన్ను ముందుకు రమ్మనడానికి మనసొప్పలేదు ఆయనకు."

మునికృష్ణకు నవ్వు వచ్చేసింది. ఆ నవ్వు సగంలోనే విరిగింది. తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని బయటికి వెళ్ళిపోయాడు.

"నాకు అలుపు లేదమ్మా," అన్నాడు విజయ్ కుమార్. "ఎప్పుడు ఎత్తుతాడా అని సూస్తానే ఉన్నా."

చెంగయ్య పాకాల మట్టిలోంచి ఏరి తెచ్చిన పది తెల్ల గుండీలను, రెక్సిన్ ముక్కనూ సంచిలోంచి తీసి, వసారాలో ఉన్న పాత మిషను బల్ల మీద పరిచాడు. తన కాలరు గుండీ తెంపి పక్కన పెట్టబోయాడు విజయ్ కుమార్. వద్దని, అది ఆయన వేసిన కుట్టని లోపలినుంచి జహీరున్నీసా అంది. తర్వాత తెర కొంచెం కదిలింది. స్నానం చేయించేటప్పుడు పిడికిలి విప్పి తీసిన వస్తువును ఆమె చెయ్యి బయటికి అందించింది. చెంగయ్య దాన్ని అందుకుని, తీసుకెళ్ళి దాని చోట దాన్ని పెట్టాడు.

హైవే మీద లారీ పోయినప్పుడల్లా వీధి గాలికి రెక్సిన్ మూడు మూలలూ లేచి పడుతున్నాయి. నాలుగో మూల లేవడం లేదు. దాని మీద కోటు గుండీ ఉంది, నాలుగు కన్నాలతో, దారం లేకుండా.