గ్యారేజీలో ఎంత ఉంది?

"గ్యారేజీలో ఎంత ఉంది?"

ఎండలు ముదిరిన దగ్గర్నుంచీ మా ఆయన రోజూ మధ్యాహ్నం ఒంటిగంటకి ఆఫీసు నుంచి ఫోన్ చేసి అడిగే మొదటి మాట ఇది. తిన్నావా అని కాదు, ఎలా ఉన్నావని కాదు. నేను కుడుతున్న బట్ట వదిలేసి, మిషను దగ్గర్నుంచి లేచి, కారు అవతలి పక్కకి వెళ్ళి, మోకాళ్ళ మీద వంగి, టైరు ఎత్తున గోడకి తగిలించిన థర్మామీటరు చూసి చెప్పాలి. ముప్పై ఏడు అంటే "ఫరవాలేదు" అంటాడు. ముప్పై తొమ్మిది అంటే "గోనెలు తడపలేదా?" అంటాడు. తడిపాను అంటే "మళ్ళీ తడుపు" అంటాడు. ఫోన్ పెట్టేస్తాడు.

గ్యారేజీ అంటే మూడు గోడలు, పైన రేకులు, ముందు ఇనుప షట్టరు. ఎడమ సగం కారుది, కుడి సగం నాది. కారు ఉన్నవైపు రేకుల మీద ఎనిమిది గోనె సంచులు పరిచి ఉంటాయి. రోజుకి మూడుసార్లు నిచ్చెన వేసుకుని ఎక్కి బకెట్టుతో వాటిని తడపడం నా పని. ఎండకి కారు రంగు వెలిసిపోతుందట, రబ్బరు పగులుతుందట, బ్యాటరీ చచ్చిపోతుందట. వారానికి ఒక్కసారి, ఆదివారం సాయంత్రం, బయటికి తీసే కారు అది. ఆయన ఆఫీసుకి బస్సులోనే వెళ్తాడు. కంటికి రెప్పలా చూసుకోవడమనే మాట పిల్లల గురించి వినేదాన్ని, ఈ ఇంటికి వచ్చాకే తెలిసింది, ఇనుముని కూడా అలా చూసుకోవచ్చని.

నా వైపు రేకుల మీద గోనెలు లేవు. ఎనిమిదే ఉన్నాయి మరి.

నేను స్కూలు పిల్లల యూనిఫాంలు కుడతాను. ఎండాకాలం సెలవుల్లోనే పని ఎక్కువ, బడి తెరిచేలోపు అన్నీ అందించాలి. మొదట్లో మిషను హాల్లో, కిటికీ పక్కన ఉండేది. హాల్లో ఏసీ పెట్టించిన ఏడాది అత్తయ్య మధ్యాహ్నాలు అక్కడే పడుకోవడం మొదలుపెట్టింది. "దారం ముక్కలు కాళ్ళకి చుట్టుకుంటున్నాయమ్మా. ఆ టకటకలకి కన్ను మూతపడటం లేదు" అంది. ఆయన తల్లి మాటకి తానా అంటే తందానా. ఒక ఆదివారం నేను కూరగాయలకి వెళ్ళి వచ్చేసరికి మిషను గ్యారేజీలో ఉంది. "చూశావా, నీకంటూ ఓ షాపు పెట్టించాను" అన్నాడు నవ్వుతూ. నేనూ నవ్వాను. అప్పుడు చలికాలం.

మా ఆయన తూనికలు కొలతల ఆఫీసులో ఇన్‌స్పెక్టరు. బజార్లో తక్కెడలు, కాటాలు సరిగ్గా ఉన్నాయో లేదో చూసి ముద్ర వేసే ఉద్యోగం. అందుకని ఆయనకి మనిషి మాట మీద నమ్మకం తక్కువ. తలనొప్పిగా ఉందంటే జ్వరం ఎంతుందో చూడమంటాడు. ఉప్పెక్కువైందంటే ఎన్ని చెంచాలు వేశావని అడుగుతాడు. "నోటితో ఎన్నైనా చెప్పొచ్చు, కొలిస్తేనే నిజం" అన్నది ఆయన ఊతపదం. ఇక్కడ ఉడికిపోతున్నానండీ అని నేను ఎన్నిసార్లు అన్నా వెళ్ళి థర్మామీటరు చూసి వచ్చేవాడు. "ముప్పై ఎనిమిది. బయట నలభై మూడుంది తెలుసా? నువ్వే నయం."

పది రోజుల కింద కళ్ళు తిరిగి పడిపోయాను. చొక్కా కాలరు కుడుతున్నాను, పక్క బల్ల మీద ఇస్త్రీపెట్టె వేడిగా ఉంది, ముందు చెవుల్లో హోరు మొదలైంది, తర్వాత గుడ్డ మీద గీతలు కదిలాయి. లేచేసరికి నేల మీద ఉన్నాను, చూపుడువేలి గోట్లో సూది విరిగి ఉంది. అత్తయ్య ఆయనకి ఫోన్ చేసింది. ఫోన్ చెవికి ఆనించుకుని, విన్నది విన్నట్టు నాకు చెప్పింది. "ముఖాన నీళ్ళు చల్లమంటున్నాడు. సాయంత్రం వచ్చి చూస్తాడట."

సాయంత్రం వచ్చాడు. బస్సు దిగి ఎప్పటిలాగే ఆరింటికి వచ్చాడు. తిన్నగా గ్యారేజీలోకి వెళ్ళి థర్మామీటరు చూసి వచ్చి మంచం పక్కన నిలబడ్డాడు. "ముప్పై ఎనిమిదికే పడిపోతారా ఎవరైనా? నీళ్ళు తాగవు, అదీ సంగతి" అన్నాడు. ఆ రాత్రి నొప్పికంటే ఆ అంకె ఎక్కువ సలిపింది. నిజంగానే నేను అంత చేతకానిదాన్నా, ముప్పై ఎనిమిదికే కూలిపోయేదాన్నా అని నన్ను నేనే అడిగి చూసుకున్నాను. అలా అనిపించేలా చేసినందుకు ఆయన మీద కోపం రావడానికి నాకు పది రోజులు పట్టింది.

నిన్న పొద్దున రెండో విడత గోనెలు తడిపి నిచ్చెన దిగుతుంటే, బకెట్టులో అడుగున మిగిలిన నీళ్ళు నా పాదాల మీద ఒలికాయి. ఎంత హాయిగా అనిపించిందంటే అక్కడే కాసేపు నిలబడిపోయాను. కారు పక్కన నిలబడ్డాను. చల్లగా ఉంది. నిజంగా చల్లగా ఉంది. నాలుగు అడుగులు వేసి నా కుర్చీ దగ్గరికి వెళ్ళాను. పొయ్యిలో తల పెట్టినట్టుంది. ఇన్నాళ్ళూ నాకు ఈ ఆలోచన ఎందుకు రాలేదో తెలియదు. దేశంలో కాటాలన్నిటికీ తప్పులు పట్టే మనిషి, తన థర్మామీటరు తడి గోనెల కింద, నేలకి రెండడుగుల ఎత్తులో తగిలించాడు.

దాన్ని విప్పి తెచ్చి, నా మిషను పైన మేకుకి, నేను కూర్చుంటే నా తల వచ్చే ఎత్తులో తగిలించాను. పనిలో పడ్డాను. ఒంటిగంటకి ఫోన్ మోగింది.

"గ్యారేజీలో ఎంత ఉంది?"

తల ఎత్తి చూశాను. ఈసారి వంగక్కర్లేకపోయింది.

"నలభై ఎనిమిది."

"సరిగ్గా చూశావా?"

"చూశాను. నలభై ఎనిమిది."

"షట్టరు పూర్తిగా పైకెత్తు. నేను వస్తున్నా."

నేను పడిపోయిన రోజు సాయంత్రం దాకా రాని మనిషి, ఎవరిదో స్కూటరు అడిగి తెచ్చుకుని ఇరవై నిమిషాల్లో వచ్చేశాడు. చొక్కా వీపుకి అతుక్కుపోయి ఉంది. నా వైపు చూడకుండా కారు దగ్గరికి వెళ్ళి బానెట్ మీద చెయ్యి వేశాడు. టైర్లు నొక్కాడు. గోడ వైపు చూస్తే అక్కడ థర్మామీటరు లేదు. తిరిగాడు. నా తల పక్కన వేలాడుతోంది. దగ్గరికి వచ్చి గోటితో తట్టి చూశాడు.

"పాడైందేమో."

"పాడవలేదు. ఇందాక మీరొచ్చేలోపు కారు దగ్గర పెట్టి చూస్తే మామూలుగానే ఉంది."

"కారు దగ్గర ఎంత?"

"ముప్పై ఎనిమిది."

"హమ్మయ్య" అన్నాడు.

తెచ్చిపెట్టుకుని అన్నది కాదు. గుండె నిండా ఊపిరి పీల్చుకుని, భుజాలు దింపి, మనస్ఫూర్తిగా అన్నాడు. అప్పుడే నా ముఖం చూశాడు. ఏదో తప్పు జరిగిందని తెలిసింది కానీ ఏమిటో తెలియలేదు, తెలియకపోయేసరికి కోపం వచ్చింది. "దీనికోసమా నన్ను ఆఫీసు నుంచి పరిగెత్తించింది? కారుకి ఏమైందో అని ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని వచ్చాను!"

నేను ఏడవలేదు. ఏడుపొస్తుందనుకున్నాను, రాలేదు. ఇస్త్రీపెట్టె ప్లగ్గు తీశాను. మిషను తల పట్టుకున్న మరలు విప్పి, దాన్ని చంటిపిల్లలా ఎత్తుకుని ఇంట్లోకి నడిచాను. వెనకాల ఆయన "ఎక్కడికి, ఎక్కడికి" అంటూనే ఉన్నాడు. మళ్ళీ వచ్చి స్టాండు ఈడ్చుకెళ్ళాను. ఆయన సాయం పట్టలేదు, అడ్డమూ రాలేదు.

హాల్లో అత్తయ్య దిండు మీద నుంచి తల ఎత్తింది. నన్ను, మిషనుని, పసుపు రాసిన నా వేలిని చూసింది. కాళ్ళు ముడుచుకుని కాస్త చోటిచ్చింది.

"దారాలు ఊడ్చుకో" అంది.

"ఊడుస్తాను."

ఇవాళ ఒంటిగంటకి కిటికీ పక్కన కూర్చుని కాలరు కుడుతుంటే ఫోన్ మోగింది. అలవాటు ఎక్కడికి పోతుంది.

"గ్యారేజీలో ఎంత ఉంది?"

"నాకేం తెలుసండీ" అన్నాను, పెడలు మీద కాలు తీయకుండా. "నేను హాల్లో ఉన్నాను."