కారం మర కింద నాలుగో దిమ్మ

నేను ఒక రబ్బరు దిమ్మను. అరచేతిలో ఇమిడే నల్లటి ముక్కను. ఒంటి నిండా నిలువు గాట్లు తప్ప చెప్పుకోదగ్గ అందం లేదు. అచ్చులో కుక్కి, ఉడికించి, మా నలుగురు అక్కచెల్లెళ్లనూ ఒకేసారి బయటికి తీశారు. మా పని ఒక్కటే. పైన మర ఎంత ఊగినా, ఆ ఊపును కింద నేలకు చేరనివ్వకపోవడం.

మమ్మల్ని చిలకలూరిపేటలో పిచ్చయ్య గారి కారం మరకు తెచ్చింది ఫిట్టర్ మస్తాన్. అప్పటిదాకా ఆ మరను నేలకే బోల్టులతో బిగించి ఉంచారు. గోడకు అవతల ఒంటిగదిలో నాగేంద్రం, ఆమె మూడు నెలల కూతురు ఉండేవాళ్లు. మర తిరిగినంతసేపూ గోడ వణికేది. ఉయ్యాల పక్కనే బీట తీసింది.

"బాబాయిగారూ, మీ మర ఏస్తే మా గిన్నెలు అలమారలో ఊరేగుతున్నయ్. గిన్నెలు పోతే పోయినయ్. ఆ గోడ పిల్ల మీద పడితే నేనేం గావాలి?" అంది నాగేంద్రం.

పిచ్చయ్య గారు మంచివారే. భయమల్లా ఒకటే. "రబ్బరు మీద పెడితే మర నడుచుకుంటా బజార్లోకి పోద్దేమోరా మస్తానూ."

"పోతే కారం ఇళ్లకే అందిద్దిలే పెద్దాయనా" అన్నాడు మస్తాన్.

మర ఇనప చట్రం కింద నాలుగు మూలలా మమ్మల్ని పెట్టాడు. చట్రానికీ నేలకూ మధ్య చిటికెన వేలంత సందు మిగిలింది. రంపం బ్లేడు ఆ సందులో చుట్టూ తిప్పి చూపించి, "దీన్ని మూసుకోనీకండి" అన్నాడు. గోడ బీట మీద అడ్డంగా క్యాలెండరు కాగితం అతికించి, "ఇది చిరిగితే గోడ కదిలినట్టమ్మా" అని నాగేంద్రానికి చెప్పి పోయాడు.

మర వేశారు. నేను నలిగాను, లేచాను, మళ్లీ నలిగాను. గోడ నిద్రపోయింది. నెల తిరక్కముందే అందరూ నన్ను మరిచిపోయారు. నొచ్చుకోలేదు. మరిచిపోయారంటేనే నా పని సరిగ్గా సాగుతున్నట్టు.

దసరా వచ్చింది. ఆయుధపూజకు మరను కడిగి, పసుపు కుంకుమ పెట్టారు. పిచ్చయ్య గారి భార్య మాణిక్యమ్మకు ముందు వైపు సందు నచ్చలేదు. ముగ్గు అక్కడ తెగిపోతోంది. సిమెంటు కలిపి, సందును నున్నగా పూడ్చి, పైన పద్మం వేసింది. భక్తికి లోటేమీ లేదు. ఊపు మాత్రం ఆ పద్మం మీదుగా నేలకు దిగింది. పక్కన అంత దారి దొరికాక, నేను ఎంత నలిగి ఏం లాభం?

మూడో రోజు కాగితం చిరిగింది. పిల్లను చంకనేసుకుని నాగేంద్రం పరిగెత్తుకొచ్చింది.

"ఈ రబ్బరు ముక్కల పని అయిపోయింది. పీకేసి మళ్లీ నేలకే బిగిద్దాం" అంటూ పిచ్చయ్య గారు స్పానరు తీశారు.

"ఒక్క నిమిషం ఆగండి బాబాయిగారూ. మస్తానన్న ఏదో తిప్పాడే ఇక్కడ."

బ్లేడు కనబడలేదు. నాగేంద్రం తన చేతిసంచిలోంచి పిల్ల టీకాల కార్డు తీసి, గొంతుక్కూర్చుని సందులో దూర్చింది. వెనక దూరింది. రెండు పక్కలా దూరింది. ముందు వైపు, నా పక్కనే, కార్డు మూల మడిచిపోయి ఆగింది.

"ఇక్కడ సందేమయింది?"

మాణిక్యమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "ముగ్గు కోసం నేనే పూడ్చానే అమ్మాయ్."

ఉలీ సుత్తీ తెచ్చింది కూడా ఆవిడే. పద్మం రేకు రేకుగా ఊడింది. మళ్లీ మర వేశారు. నాగేంద్రం తన గదిలోకి వెళ్లి గోడకు అరచేయి ఆనించి, చాలాసేపు తీయలేదట. తర్వాత కొత్త కాగితం అతికించింది. నన్ను ఎన్నో చేతులు తాకాయి. బిగించిన మస్తాన్ తర్వాత, నా పనేమిటో ఎరిగిన చెయ్యి మాత్రం గోడకు ఆనిన ఆ చెయ్యే.

నాలుగేళ్లకు నేను గట్టిపడ్డాను. మస్తాన్ కొత్తవాటిని వేసి మమ్మల్ని పాత ఇనుము బుట్టలో పడేస్తుంటే, నాగేంద్రం ఒక్కటి అడిగి తీసుకుంది. ఇప్పుడు ఆమె కుట్టుమిషను కుంటికాలు కింద ఉన్నాను. ఇన్నాళ్లూ కాపాడిన గోడను ఇక్కడి నుంచే మొదటిసారి చూశాను. కాగితం పసుపురంగుకు తిరిగింది గాని చిరగలేదు.

నిన్న ఆ పిల్ల స్టూలెక్కి దాన్ని గోటితో గీకబోయింది.

"అది ముట్టుకోమాకు" అంది నాగేంద్రం.

అవతల మర తిరుగుతోంది. ఆమె లేచి వెళ్లి గోడకు అరచేయి ఆనించింది. వణుకేమీ తగల్లేదు. "సరే, పీకెయ్" అంది.